దండధరుడు లేని ఊళ్ళో హత్య

అపరాధ పరిశోధక నవల చదివేవాడు చివరి పుటకు వచ్చేసరికి ఒక మనిషిని పెద్దగా గమనించకుండానే దాటిపోతాడు. ఆ మనిషి పోలీసు ఇన్‌స్పెక్టరు. కథ పొడుగునా అతడు తప్పుదారిన నడిచి, అమాయకులను అనుమానించి, పరిశోధకుని చేత చిన్న చిన్న మాటలు పడి, చిట్టచివరకు మాత్రం వేళకు వచ్చి హంతకుని చేతులకు సంకెళ్ళు తగిలిస్తాడు. వాకిట బండి కదులుతుంది. పరిశోధకుడు చుట్ట వెలిగిస్తాడు. పాఠకుడు దీపం తగ్గించి పడుకుంటాడు. ఆ బండి ఎక్కడికి పోయిందో, అక్కడ ఏ న్యాయాధికారి కూర్చుని ఉన్నాడో, ఏ తలారి కాచుకుని ఉన్నాడో నవలాకారుడు చెప్పడు, చెప్పనక్కరలేదు. అదంతా ఎక్కడో ఉన్నదని నమ్మినాడు గనుకనే పాఠకునికి నిద్ర పట్టింది.

ఈ వాఙ్మయమూ ఆధునిక పోలీసు వ్యవస్థా ఇంచుమించు ఒక ఈడువి. లండను నగరానికి జీతగాళ్ళైన పోలీసులు ఏర్పడ్డది 1829లో. అందులో నేరపరిశోధనకు ప్రత్యేకశాఖ ఏర్పడ్డది 1842లో. ఆ రెంటికీ నడుమ, 1841లో, అమెరికాలో ఎడ్గార్ ఆలన్ పో పారిసు నగరాన్ని రంగస్థలంగా తీసుకుని, కేవలం ఆలోచనాబలంతో హత్యారహస్యాన్ని విప్పే డ్యూపాను సృష్టించాడు. అంతకుముందు హత్యలు లేవా, హత్యాకథలు లేవా అంటే కావలసినన్ని ఉన్నవి. లేనిదల్లా ఒక్కటే: నేరస్థుని వెదకి పట్టుకొనే పని చచ్చినవాని బంధువులది కాదు, ఊరిది కాదు, జీతం పుచ్చుకొనే ఒక ఉద్యోగిది అన్న భావం. ఆ భావం పాదుకొన్న తరువాతనే ‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న చదరంగపు ఎత్తువలె వినోదంగా మారింది. జవాబు దొరికితే చాలు. తక్కినది మరొకరు చూసుకుంటారు.

ఆ మరొకరిని తీసివేస్తే ఏమవుతుంది? ఇది వట్టి వితండప్రశ్న కాదు. ప్రభుత్వమన్నది లేకుండా, లేక ఉన్నదో లేదో తెలియనంత కొద్దిగా ఉండేటట్టు ఒక లోకాన్ని కల్పించి, ఆ లోకంలో ఒక హత్య జరిపించి, దాని గుట్టు విప్పడానికి ఒక మనిషిని పంపిన రచయితలు ఉన్నారు. వారు చాలమంది కారు. వారి పుస్తకాలు వైజ్ఞానిక కల్పనల బీరువాలో ఉండటంచేత అపరాధ పరిశోధక నవలలు చదివేవారి చేతికి తరచుగా రావు. అయినా ఆ ప్రక్రియ బలమూ బలహీనతా ఎక్కడున్నవో తెలుసుకోదలచినవారికి అవి గట్టి పరీక్ష.

భారతీయ పాఠకునికి ఈ ఊహ కొత్తది కాదు. శాంతిపర్వంలో భీష్ముడు యుధిష్ఠిరునికి రాజ్యం పుట్టుకను చెబుతూ, మొదట రాజు లేడు, రాజ్యం లేదు, దండం లేదు, దండించేవాడు లేడు, ప్రజలు ధర్మంచేతనే ఒకరినొకరు కాపాడుకున్నారు అంటాడు. ఆ తరువాత మోహం పుట్టింది, లోభం పుట్టింది, ధర్మం తప్పింది. అదే పర్వంలో మరొకచోట రాజు లేని దేశంలో పెద్ద చేప చిన్న చేపను మింగే న్యాయం నడుస్తుందని హెచ్చరిక కూడా ఉన్నది. ఒకే నోట రెండు మాటలూ వచ్చినవి. మన భాషలలో ‘అరాజకం’ అన్న మాటకు మాత్రం రెండవ అర్థమే మిగిలింది. రాజు లేకపోవడం అంటే అల్లరి, దోపిడి. మొదటి అర్థం పురాణకాలక్షేపంలో తప్ప వినబడదు.

అయితే మనవారికి దండధరుని మీద అంత నమ్మకం ఉన్నదా అంటే అదీ లేదు. దారోగా ఊళ్ళోకి వచ్చాడంటే దొంగకంటె ముందు ఇంటివాళ్ళే భయపడిన దేశం ఇది. బంగాళీలో అపరాధ పరిశోధక వాఙ్మయానికి ఆదిపురుషులలో ఒకడైన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ స్వయంగా కలకత్తా పోలీసు ఉద్యోగి. 1892 నుంచి ‘దారోగార్ దఫ్తర్’ అన్న పేరుతో తాను చూసిన కేసులను కథలుగా వెలువరించాడు. కాని పాఠకుల గుండెలో నిలిచినవాడు దారోగా కాడు. 1932లో శరదిందు బంద్యోపాధ్యాయ కల్పించిన వ్యోమకేశ బక్షి నిలిచాడు. అతడు తన్ను ‘డిటెక్టివు’ అంటే చిన్నబుచ్చుకుంటాడు. ‘సత్యాన్వేషి’ అని పిలిపించుకుంటాడు. తెలుగువారికి కొమ్మూరి సాంబశివరావు ఇచ్చిన యుగంధర్ కూడా ప్రైవేటు పరిశోధకుడే. ప్రజలకు సత్యం కావాలి, ఆ సత్యం పోలీసుఠాణా దారిన రాకుండా ఉంటే మరీ మంచిది.

వ్యోమకేశుని కథలలో ‘ఆదిమ రిపు’ అన్నది ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పదగ్గది. అది 1946 నాటి కలకత్తా దొమ్మీల నడుమ మొదలై స్వాతంత్ర్యం వచ్చే వేళకు ముగుస్తుంది. పాత ప్రభుత్వపు చెయ్యి సడలింది, కొత్త ప్రభుత్వపు చెయ్యి ఇంకా బిగియలేదు. ఆ సందులో ఒక హత్య జరుగుతుంది. వ్యోమకేశుడు హంతకుడెవరో కనుక్కుంటాడు. కనుక్కుని పోలీసులకు అప్పగించడు, విడిచిపెడతాడు. సత్యం తెలుసుకొనడం తన పని. ఆ సత్యాన్ని ఏమి చేయాలన్నది తన అంతరాత్మ పని. ఈ నిర్ణయాన్ని తప్పుపట్టే పాఠకులున్నారు, మెచ్చుకొనేవారూ ఉన్నారు. కాని ఇన్‌స్పెక్టరు లేని చివరి అధ్యాయం ఎంత బరువుగా ఉంటుందో మనవారికి తెలియజెప్పిన కథ అది.

ఇక దండధరుని బుద్ధిపూర్వకంగా తొలగించిన నవలలు. వానిలో అన్నిటికంటె గట్టిగా గొంతెత్తి మాట్లాడేది ఎల్. నీల్ స్మిత్ అనే అమెరికన్ రచయిత 1980లో ప్రకటించిన ‘ది ప్రాబబిలిటీ బ్రోచ్’. ఈ స్మిత్ (1946–2021) ప్రభుత్వమంటే ఏ రూపంలోనూ గిట్టనివాడు. అటువంటి భావాలుగల వైజ్ఞానిక నవలలకు ‘ప్రొమీథియస్’ అన్న బహుమతిని 1979లో నెలకొల్పినవాడు తానే. 1982లో ఆ బహుమతి ఈ నవలకే వచ్చింది. బహుమానం బంగారునాణెం, కాగితపు డబ్బు ప్రభుత్వాలు అచ్చువేసేది గనుక దానిమీద ఆ వర్గంవారికి నమ్మకం లేదు.

నవల ఎత్తుగడ చాలా బాగుంటుంది. కథానాయకుడు విన్ బేర్, యూట్ అనే ఆదిమజాతికి చెందినవాడు, డెన్వరు నగరపు హత్యాపరిశోధన శాఖలో లెఫ్టినెంటు. ఆ డెన్వరు క్షీణించిన డెన్వరు: సరుకులు దొరకవు, మాట్లాడితే నేరం, నగరపు పోలీసు మీద కేంద్రపు రహస్యపోలీసు పెత్తనం. ఒక భౌతికశాస్త్రవేత్త హత్య జరుగుతుంది. దాని కూపీ లాగుతూ పోయిన బేర్, ఆ శాస్త్రవేత్త పనిచేసిన ప్రయోగశాలలో పొరపాటున మరొక చరిత్రలోకి పడిపోతాడు. అక్కడ కూడా అమెరికా ఉన్నది, కాని వేరు అమెరికా. స్వాతంత్ర్య ప్రకటనలో పాలితుల సమ్మతి అన్న మాటకు ముందు ‘ఏకగ్రీవ’ అన్న ఒక్క విశేషణం చేరింది. ఆ ఒక్క మాటతో చరిత్ర దారి మళ్ళింది. 1794లో సారామీద వేసిన పన్నును ఎదిరించి పెన్సిల్వేనియా పశ్చిమభాగపు రైతులు తిరగబడినప్పుడు, మన చరిత్రలో వాషింగ్టను సేనతో బయలుదేరి వారిని అణచివేశాడు. ఆ చరిత్రలో ఆల్బర్ట్ గాలటిన్ రైతుల పక్షాన నిలిచి గెలిచాడు, వాషింగ్టనును కాల్చిచంపారు, రాజ్యాంగం రద్దయింది. (మన చరిత్రలోని గాలటిన్ 1801 నుంచి 1814 వరకు అమెరికా ప్రభుత్వానికి కోశాధికారిగా పన్నుల లెక్కలే చూసుకున్నాడు. రచయిత ఈ హాస్యాన్ని ఎరిగే చేసి ఉంటాడు.)

ఆ లోకంలో పన్నులు లేవు, పోలీసులు లేరు. ప్రతివాని నడుమునా తుపాకి ఉంటుంది. చింపాంజీలూ గొరిల్లాలూ డాల్ఫినులూ కూడా పౌరులే. అక్కడ బేర్‌కు తన పేరే, తన ముఖమే గల మరొక బేర్ ఎదురవుతాడు. అతడు చందాదారుల పక్షాన పనిచేసే ప్రైవేటు పరిశోధకుడు. ఇద్దరు బేర్‌లూ ఒక బల్లకు అటూ ఇటూ కూర్చున్నప్పుడు పాఠకునిలో గొప్ప ఆశ పుడుతుంది. ఒకే మనిషి, ఒకే బుద్ధి. ఒకడు రాజ్యానికి ఉద్యోగి, ఒకడు ఎవరికీ ఉద్యోగి కాడు. వీరు నేరాన్ని ఏ విధంగా వేరువేరుగా చూస్తారో గదా అని అనిపిస్తుంది.

ఆ ఆశ తీరదు. ఎందుచేతనంటే స్మిత్‌కు తన లోకం మీద మరీ ప్రేమ. ఆ లోకంలోని మనుషులు అందరూ సుఖంగా, నిండు ఆయుస్సుతో, చమత్కారంగా ఉంటారు. వారిలో వారు ఒకరినొకరు చంపుకొనడానికి కారణం కనబడదు. అందువల్ల దుర్మార్గులను బయటినుంచి తేవలసి వచ్చింది: అక్కడ ప్రభుత్వాన్ని స్థాపించాలని కుట్రపన్నే కొందరూ, ఇక్కడి కేంద్రపు రహస్యపోలీసూ. నేరానికి మూలం ప్రభుత్వేచ్ఛే అని సిద్ధాంతం. సిద్ధాంతం మాట ఎలా ఉన్నా, కథకు అది ప్రాణాపాయం. హంతకుడెవరో సగం పుస్తకానికే తెలిసిపోతుంది. పరిశోధకునికి ఆలోచించే పని తప్పి కాల్చే పని పడుతుంది. ఈర్ష్యచేత, ఆస్తిచేత, అవమానంచేత ఇరుగుపొరుగువాడు ఇరుగుపొరుగువాని పొడిస్తే ఆ సుందరసమాజం ఏమి చేస్తుంది? ఆ ప్రశ్నను నవల అడగదు. స్వర్గంలో అపరాధ పరిశోధకునికి జీవనం లేదు.

వెర్నర్ వింజీ (1944–2024) స్మిత్‌కు రాజకీయభావాలలో దూరపు చుట్టమే, కాని స్వభావంలో కాదు. ఆయన సాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయంలో గణితమూ కంప్యూటరుశాస్త్రమూ బోధించినవాడు. ఒక ఊహను పట్టుకుంటే దాని నష్టాలు కూడా లెక్కవేసి చూసేవాడు. 1985లో వచ్చిన ‘ది అన్‌గవర్న్‌డ్’ అన్న పెద్దకథలో, ప్రభుత్వాలు కూలిన తరువాతి అమెరికా మధ్యభాగంలో పోలీసు అన్నది చందా కట్టి తెచ్చుకొనే సదుపాయం. విల్ బ్రయర్సన్ అనేవాడు అటువంటి ఒక పోలీసు కంపెనీ ఉద్యోగి. పక్కనే మిగిలి ఉన్న ఒక ప్రభుత్వం సేనతో దండెత్తి వస్తుంది. ఓడించవలసిన రాజు కాని, పట్టుకోవలసిన రాజధాని కాని ఆ సేనకు కనబడదు. ఏ కంపెనీకీ చందా కట్టకుండా తన పొలంలో తానే కోట కట్టుకుని కూర్చున్న ఒక పిసినారి రైతు పాతరలో అణ్వాయుధాలు ఉంటవి. ఇది చదివి నవ్వినవారు ఒక్క క్షణం ఆగి భయపడతారు. వింజీకి కావలసింది ఆ క్షణమే.

ఆ బ్రయర్సన్‌నే తీసుకుని 1986లో వింజీ రాసిన నవల ‘మరూన్డ్ ఇన్ రియల్‌టైమ్’. ఈ కోవలో దీనిని మించినది లేదని చెప్పవచ్చు. అందులో ఒక యంత్రసాధనం ఉన్నది. అది ఏ వస్తువు చుట్టూనైనా అద్దంలా మెరిసే గోళాన్ని సృష్టిస్తుంది. ఆ గోళం లోపల నియమితకాలం వరకు కాలమే కదలదు. లోపలివానికి రెప్పపాటు, బయట వెయ్యేళ్ళు. ఒక దొంగను పట్టుకోబోయిన బ్రయర్సన్‌ను ఆ దొంగ అటువంటి గోళంలో మూసివేస్తాడు. అతడు బయటపడేసరికి భార్యాపిల్లలు లేరు, వారి కాలమే లేదు. ఇరవైమూడవ శతాబ్దంలో మానవజాతి మొత్తం ఏమయిందో తెలియకుండా మాయమై, ఆ సమయంలో గోళాలలో ఉన్నవారు మాత్రం మిగిలారు. అయిదు కోట్ల సంవత్సరాల తరువాత, అందరూ కలిపి సుమారు 300 మంది. కొరొలెవ్ దంపతులనదగిన ఇద్దరు స్త్రీలు, యెలేన్, మార్తా, ఆ మిగిలినవారినందరినీ ఒకచోట చేర్చి మళ్ళీ ఒక ఊరు నిలబెట్టాలని పూనుకుంటారు. ఆ 300 మందిలో ఒక్కొక్కరూ విత్తనపుగింజవంటివారు. ఒకరు తగ్గినా జాతి నిలవడం సందేహమే.

ఆ ఊరికి ప్రభుత్వం లేదు. ఉన్నదల్లా ఏడెనిమిదిమంది బలవంతులు. చివరి శతాబ్దాల యంత్రసంపద తమతో తెచ్చుకున్నవారు. వారిలో ఒక్కొక్కని చేతిలో ఉన్న ఆయుధాలు పూర్వం ఒక దేశపు సేనకు లేవు. అందరూ గోళాలలోకి వెళ్ళి కొంతకాలం దూకుదామనుకున్న రోజున, ఎవరో ఆ యంత్రాల లెక్కలో చెయ్యి పెట్టారు. మార్తా ఒక్కతె బయట మిగిలిపోయింది. మిగిలినవారు కళ్ళు తెరిచేసరికి ఆమె చచ్చి చాలాకాలమైంది. ఆమె ఆ నిర్జనభూమి మీద నలభైయేళ్ళు ఒంటరిగా బతికి, చేపలు పట్టే ఒక కోతిజాతితో స్నేహం చేసి, రాళ్ళ గుట్టల కింద తన దినచర్య దాచి, చనిపోయింది.

ఇది హత్యేనా? కత్తి లేదు, విషం లేదు, రక్తపుచుక్క లేదు. ఆమెను చంపింది కాలం. హంతకుడు చేసిందల్లా ఆమెను లెక్కలోనుంచి తీసివేయడం. మన గ్రామాలలో దీనికి దగ్గరి పేరొకటి ఉన్నది: వెలి. నిప్పు ఇవ్వరాదు, నీళ్ళు ఇవ్వరాదు, పలుకరించరాదు. ఎవరూ చెయ్యి ఎత్తరు, మనిషి పోతాడు. దండం లేని సమాజాలన్నింటికీ ఉన్న ఒకే ఒక దండన అది. వింజీ ఆ దండనను నేరంగా మార్చి చూపాడు.

యెలేన్ పిలిపించి బ్రయర్సన్‌ను పరిశోధించమంటుంది. ఇక్కడినుంచి నవల తన అసలు చిక్కులోకి దిగుతుంది. ఆమె అతనికి యజమాని, చచ్చినదాని సహచరి, ఊళ్ళోకెల్లా బలవంతురాలు, అనుమానితులలో ఒకతె కూడా. సహాయంగా వచ్చిన డెల్లా లూ అన్న స్త్రీ వేలయేళ్ళు నక్షత్రాల మధ్య ఒంటరిగా తిరిగి వచ్చినది. ఆమె మనసు మనుషుల మనసువలె ఉన్నదో లేదో తెలియదు. పరిశోధకుని చేతిలో ఏమున్నది? సమను లేదు, వారంటు లేదు, లాకప్పు లేదు. ఎవరైనా అతని ప్రశ్నకు జవాబు చెప్పకపోతే చేయగలిగింది లేదు. చెబితే అతని మంచితనం మీద నమ్మకంచేత చెప్పాలి. రేపు అతడు ఫలానావాడు హంతకుడు అన్నప్పుడు, ఆ ఏడెనిమిదిమంది బలవంతులూ నమ్మితే న్యాయం, నమ్మకపోతే యుద్ధం. యుద్ధమంటే మానవజాతికి చివరిరోజు.

కనుక ఆ ఊళ్ళో హంతకుని కనుక్కోవడం సగం పనే. కనుక్కున్న మాటను ఎవరి ఎదుట చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెప్పిన తరువాత ఎంతమంది మిగులుతారు అన్నది మిగతా సగం. మామూలు నవలలో పరిశోధకుడు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి రహస్యం విప్పడం వేడుక. ఇక్కడ ఆ గదిలో ప్రతివాని వేలికొసనా ప్రళయం ఉన్నది. దీనిని నడిపే తీరులో వింజీ ఒకటి రెండుచోట్ల యంత్రాల వర్ణనకు లొంగి పాఠకుని అలయజేస్తాడు. కాని మార్తా దినచర్య దగ్గరకు వచ్చేసరికి ఆ దోషాలు మరుగైపోతవి. ఆమె రాసిన పుటలు మొదట ఎవరి చేతికి చిక్కుతవో ఆమెకు తెలియదు. మిత్రునికని రాయాలి, శత్రువు చదవవచ్చునని రాయాలి, నలభైయేళ్ళు రాయాలి. మరొకవంక అదే ఊళ్ళో, పాతకాలపు రెండు ప్రభుత్వాల శేషాలు గోళాలలోనుంచి బయటపడి, మా జెండా కిందికి రండి, మేము మిమ్మల్ని కాపాడుతామని జనాన్ని పిలుస్తుంటవి. పోయేవారు పోతుంటారు. భయం పుట్టినచోట రాజు పుట్టడం ఎంత సహజమో భీష్ముని కథ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. హంతకుడెవరో ఇక్కడ చెప్పడం మర్యాద కాదు.

వింజీ, స్మిత్ ఇద్దరూ ఊహించి రాశారు. నిజంగా అటువంటి దేశమొకటి ఉండేది, అది తన హత్యల కథలు తానే రాసిపెట్టింది. ఐస్‌లాండు ద్వీపంలో 930 నుంచి 1262 వరకు రాజు లేడు, సేన లేదు, పోలీసు లేడు. ఏటా వేసవిలో థింగ్‌వెల్లిర్ మైదానంలో సభ కూడేది. చట్టమంతా నోటికి వచ్చిన ధర్మవక్త ఒకడు, ఏటికి మూడవవంతు చొప్పున, మూడేళ్ళలో చట్టాన్ని సభకు అప్పజెప్పేవాడు. జీతం పుచ్చుకొనే ఉద్యోగి యావద్దేశానికి అతడొక్కడే. సభ తీర్పు చెప్పేది. తీర్పు అమలు జరపడం గెలిచినవాని సొంతపని. బలం లేనివాడు తన దావాను బలమున్నవానికి బదలాయించవచ్చు.

ఆ చట్టంలో ఒక నియమం పరిశోధకుని ఊసే లేకుండా చేస్తుంది. మనిషిని చంపినవాడు ఆ సంగతి వెంటనే సమీపపు ఇంటికి పోయి తానే చెప్పాలి. చెబితే అది వధ. పరిహారంతోనో ప్రతీకారంతోనో తీరేది. చెప్పక దాచితే అది హత్య, సిగ్గుమాలిన పని. నేరస్థుడే తన నేరానికి మొదటి సాక్షి కావాలన్న ఈ ధర్మం ఎంత గంభీరమైనదో, అది తప్పినప్పుడు దేశం అంత నిస్సహాయమైనది. ఆ నిస్సహాయతే గీస్లి కథ. పదమూడవ శతాబ్దంలో అక్షరబద్ధమై, పదవశతాబ్దపు మనుషులను చెప్పే ఆ గాథ కర్త పేరు ఎవరికీ తెలియదు.

పశ్చిమతీరంలో ఒక లోయ. గీస్లి, అతని సోదరుడు థోర్‌కెల్, అక్క థోర్దిస్, అక్క మగడు థోర్‌గ్రిమ్, ఇరుగుపొరుగు ఇళ్ళు. గీస్లి భార్య ఔద్‌కు అన్న వేస్టెయిన్. ఒక గాలివాన రాత్రి వేస్టెయిన్‌ను గీస్లి ఇంట్లోనే, పడకమీద, ఎవరో ఈటెతో పొడిచిపోయారు. గాయంలోని ఆయుధాన్ని పైకి తీసినవాడు పగ తీర్చాలన్నది ఆచారం. గీస్లి తీశాడు. పొడిచింది థోర్‌గ్రిమ్మా థోర్‌కెల్లా అన్నది ఎక్కువగా చదివే పాఠంలో స్పష్టంగా లేదు. పండితులు ఇప్పటికీ తగవులాడుతున్నారు. వేస్టెయిన్‌ను సమాధి చేసేటప్పుడు పరలోకపు నడకకు చెప్పులు తొడిగినవాడు థోర్‌గ్రిమ్. ముడి గట్టిగా వేశానంటూ అతడు పలికిన మాటలో ఏదో ఎగతాళి ధ్వనిస్తుంది. గీస్లి విని ఊరుకున్నాడు.

తరువాత ఒక మంచురాత్రి గీస్లి బయలుదేరాడు. రెండిళ్ళ మధ్య ఒక వాగు ఉన్నది. అడుగుజాడలు పడకుండా ఆ చన్నీళ్ళలో నడిచాడు. పశువులశాలలోనుంచి దూరి, ఆవుల తోకలు ఒకదానికొకటి ముడివేసి, దీపాలు ఒక్కొక్కటే ఆర్పి, అక్క పక్కనుండగానే బావను అదే ఈటెతో పొడిచి, వచ్చిన వాగుదారినే ఇంటికి పోయి పడుకున్నాడు. తెల్లవారి జనం అతని ఇంటికి వస్తారు. అందరికంటె ముందు గదిలో అడుగుపెట్టిన థోర్‌కెల్‌కు మంచం ముందు గీస్లి చెప్పులు కనబడతవి. మంచు గడ్డకట్టి, తడిసి ఉన్నవి. వెనకవాళ్ళ కంటబడకముందే వానిని కాలితో మంచం కిందికి తోసివేస్తాడు.

హోమ్సుకు గాని వ్యోమకేశునికి గాని ఇంతకంటె చక్కని ఆధారం దొరికి ఉండదు. దొరికినవాడు అన్న అయినాడు. ప్రభుత్వం లేని దేశంలో ఆధారం చూసే కన్ను ఎప్పుడూ ఎవరో ఒకరి చుట్టానిదే. ఆ లోయలో హంతకులెవరో తెలియనివాడు దాదాపు లేడు. థోర్‌గ్రిమ్ సమాధి దగ్గర గీస్లి కూడా, ఓడ మీద పెద్ద బండ ఎత్తిపెడుతూ, థోర్‌గ్రిమ్ వేస్టెయిన్ చెప్పుల దగ్గర అన్నటువంటి మాటే అన్నాడు. చచ్చినవాళ్ళకు ఉత్తరక్రియలు చంపినవాళ్ళే చేస్తున్నారు. మాటలు నడుస్తున్నవి, ఒకరికొకరు తెలియజేసుకుంటున్నారు, ఎవరూ చెప్పడం లేదు.

చివరకు చెప్పింది థోర్దిస్. ఒకనాడు ఆటస్థలం దగ్గర గీస్లి సమాధివంక చూసి ఒక పద్యం చదివాడు. చేసినపని అందులో శ్లేషగా ఇమిడి ఉన్నది. అక్క ఒక్కసారి విని కంఠస్థం చేసి, ఇంటికి పోయి అన్వయం కుదుర్చుకున్నది. ఆమె అప్పటికి మగని సోదరుడు బోర్క్‌ను పెళ్ళాడి ఉన్నది. అతనికి చెప్పింది. సభలో దావా పడింది, గీస్లికి వెలి. దేశమంతా అతనిని ఎవరైనా చంపవచ్చు, ఎవరూ తిండి పెట్టరాదు. సభ పని అంతటితో ముగిసింది. ఇక వేట బోర్క్‌ది. అతడు ఎయోల్ఫ్ అనేవానికి వెండి ఇచ్చి వెంటాడమన్నాడు. ఎయోల్ఫ్ హెల్గి అనే వేగువానిని కొండల్లోకి పంపాడు. మన నవలల్లో ఫీజు పుచ్చుకుని కూపీలు లాగే ప్రైవేటు డిటెక్టివుకు వంశకర్త ఎవరయ్యా అంటే, ఈ వేగుల హెల్గిని చూపించవచ్చు. అతనిలో సత్యాన్వేషి లక్షణం ఒక్కటీ లేదు.

ఎయోల్ఫ్ ఒకనాడు ఔద్ దగ్గరకు పోయి, మగని జాడ చెప్పమని సంచెడు వెండి ఒళ్ళో పోశాడు. ఆమె ఆ వెండిని లెక్కపెట్టి, సంచిలో వేసి, ఆ సంచితోనే అతని ముక్కు మీద కొట్టింది. నెత్తురు కారింది. ఏళ్ళ తరబడి దాగిన గీస్లి ఆఖరుకు ఒక గుట్ట మీద, ఆమె దుడ్డుకర్రతో పక్కన నిలబడి ఉండగా, అనేకులతో పోరాడి చచ్చాడు.

ఎయోల్ఫ్ ఆ కబురుతో బోర్క్ ఇంటికి వచ్చాడు. బోర్క్ ఆదరించాడు. భోజనం వడ్డించేది థోర్దిస్. ఆమె తమ్ముని కత్తిని ఎయోల్ఫ్ కాళ్ళ దగ్గర చూసింది; చేతిలోని గరిటెలు జారవిడిచింది; ఏరుకొనడానికన్నట్టు వంగి, ఆ కత్తి పిడి అందుకుని, బల్ల కిందినుంచి పొడిచింది. పిడి బల్లకు తట్టుకోవడంచేత వేటు గురితప్పి తొడలో దిగింది. ఎయోల్ఫ్ గాయానికి నిండు పరిహారం బోర్క్ చెల్లించవలసి వచ్చింది. ఆ పూటే ఆమె సాక్షులను పిలిచి, బోర్క్‌తో తనకు ఇక దాంపత్యం లేదని చెప్పి, అతని పడక విడిచి వెళ్ళిపోయింది.